తాళం అని నొక్కితే చాలు

అదేనమ్మా నేనూ అనేది. మీ తలుపు మూసుకుని లాచ్ పడిపోయింది. తాళంచెవి లోపల, ఫోను లోపల, కళ్లజోడు కూడా లోపలే. చేతిలో ఖాళీ చెత్తబుట్ట తప్ప ఏమీ లేదు. అలాంటి మనిషి కిందికి దిగి, మందులషాపు అతని ఫోను అడిగి పుచ్చుకుని, క్షణం తడుముకోకుండా ఎవరి నంబరు నొక్కారు? నాది కాదు.

తప్పు పట్టడం లేదు లెండి. అలా నిలబడకండి, ఆ పై మెట్టు మీద కూర్చోండి. పాత లాచ్ ఇది. లోపల ఐదు పిన్నులుంటాయి, ఒక్కోదాన్నీ విడివిడిగా బతిమాలాలి. టైము పడుతుంది. మీ చేతికి గడియారం ఉంది కదా, ఎంతయింది? నాలుగుంపావా. సరే.

తలుపు మీద పలకలో విశ్రాంత ఉపాధ్యాయిని అని చూశాను. లెక్కలా? అనుకున్నాను. చెత్తబుట్టని కూడా హాజరుపట్టీలా పట్టుకున్నారు మరి.

ఒక మాట చెప్పేస్తానమ్మా, తర్వాత మీకు తెలిసి బాధపడేకంటే. ఫోనులో మీరు "తాళం బాబాయేనా?" అన్నారు, నేను "ఆ" అన్నాను. నేను తాళం బాబాయిని కాదు. వాళ్ల తోడల్లుణ్ణి. అతని భార్యా నా భార్యా అక్కచెల్లెళ్లు. మా ఆవిడ పెద్దమ్మాయి, వాళ్లావిడ చిన్నమ్మాయి.

భయపడకండి, పని నాకూ వచ్చు. అతనికంటే ముందే వచ్చు. ఇరవై రెండేళ్లయింది నేను ఈ కడ్డీ పట్టుకుని. మా మామగారి దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోతూ పోతూ పనిముట్ల సంచి నా చేతికే ఇచ్చారు, ఇదిగో ఇదే. తోలు చూడండి, మూడుసార్లు కుట్టించాను. తాళాలకి సంబంధించి ఈ ఊళ్లో పెద్దవాణ్ణి నేను. కానీ అడగండి ఎవర్నైనా. "ఆయనా? తాళం బాబాయ్ వాళ్ల తోడల్లుడు" అంటారు. నా పేరు అదైపోయింది.

మొదటి పిన్ను లేచింది. విన్నారా, చిన్న టిక్.

మా తోడల్లుడు అప్పట్లో ఫోన్ల దుకాణంలో కౌంటరు మీద ఉండేవాడు. నంబర్లు అమ్మడం అతని పని. అమ్ముడుపోనివన్నీ ఒక అట్టపెట్టెలో పడేసేవారట. మధ్యాహ్నాలు ఏమీ తోచక వాటిని తిరగేసేవాడట. ఫోనులో అంకెల కింద ఇంగ్లీషు అక్షరాలుంటాయి కదమ్మా, ఒక్కో అంకెకి మూడు నాలుగు చొప్పున. ఒక నంబరు చూస్తుంటే ఇతనికి చివరి ఐదంకెల్లో మాట కనిపించిందట. తాళం. ముందున్నవి ఊరందరికీ ఉండేవే. వెనక ఐదూ వరసగా తాళం.

మీరూ అలాగే నొక్కారు కదా? అంకెలు ఏమిటంటే చెప్పగలరా? చూశారా, లెక్కల టీచరు, చెప్పలేరు. అవసరం లేదు. వేళ్లకి మాట తెలుసు.

ఆ నంబరు పట్టుకుని అతను ఎవరి దగ్గరికి వచ్చాడనుకున్నారు? నా దగ్గరికే. చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "అన్నయ్యా, ఇది మీరు తీసుకోండి. మీకోసమే పుట్టినట్టుంది" అన్నాడు. నేను అప్పుడు షట్టరు తాళం విప్పుకుని నూనె చేతులతో ఉన్నాను. తల కూడా ఎత్తలేదు. "పేరు పనిలో ఉంటుందోయ్, నంబరులో కాదు" అన్నాను. చాలా బాగా అన్నాననుకున్నాను. ఆ రోజు రాత్రి అన్నం తింటూ మా ఆవిడకి కూడా చెప్పాను.

ఆరు నెలలు తిరిగేసరికి అతను ఉద్యోగం మానేసి మా మామగారి పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్నాడు. నంబరు ముందు, పని తర్వాత. లోకంలో ఎక్కడైనా ఉందా ఇది? చెప్పు కొని కాలు వెతుక్కున్నట్టు.

స్కూటరు వెనక డబ్బా మీద పెయింటు వేయించాడు. అంకె ఒక్కటి లేదు. "తలుపు పడిందా? తాళం అని నొక్కితే చాలు." అంతే. వీధిలో పిల్లలు ఆటల్లో కూడా అదే అరుస్తున్నారు. వాళ్లు పెద్దవాళ్లై ఇళ్లు కట్టుకుంటే వాళ్లు కూడా అదే నొక్కుతారు. నేను అప్పటికి ఉండను, అది వేరే సంగతి.

నా నంబరూ అక్షరాల్లో పెట్టి చూశానమ్మా, అబద్ధమెందుకు. కాగితం మీద రాసుకుని, అన్ని రకాలుగా కలిపి చూశాను. ఎవరో తుమ్మినట్టు వచ్చింది. అంకెలుగా చెబుదామా అంటే, సగం చెప్పేలోపు వినేవాడికి ఆవులింత. మధ్యలో ఏడూ నాలుగూ పక్కపక్కనే ఉన్నాయి, తారుమారు చేసి నొక్కేవాళ్లు కొందరు. వాళ్లంతా ఎవరో దర్జీకి ఫోన్ చేసేవారు. ఆ దర్జీ ఒకసారి నన్ను వెతుక్కుంటూ వచ్చి తిట్టి వెళ్లాడు.

అయినా ఊరుకోలేదు. ఏం చేశానంటే, అయస్కాంతం బిళ్లలు చేయించాను. ఫ్రిజ్ మీద అంటించుకునేవి. తాళంకప్ప ఆకారంలో, ఎర్రరంగు, మధ్యలో నా నంబరు పెద్ద అంకెలతో. రెండు వేల బిళ్లలు. ఒక్కో బిల్డింగూ ఎక్కి, ఒక్కో గుమ్మం ముందు నిలబడి, నేనే ఇచ్చాను. ఇక్కడికీ వచ్చే ఉంటాను.

మీ ఫ్రిజ్ మీద ఉందా? ఎర్రదే కదా? ఉందీ!

ఉంది, లోపల. మీరు బయట.

నవ్వండి, ఫరవాలేదు. మా ఆవిడ కూడా నవ్వింది. బిళ్లలు పంచిన రెండేళ్లకి ఒకరోజు కూర తరుగుతూ అంది, "ఇంట్లో ఉన్నవాళ్లకి తాళాలాయనతో ఏం పనండీ?" అని. రెండేళ్లు. అప్పటిదాకా ఆవిడకీ తోచలేదు, నాకూ తోచలేదు, బిళ్లలు చేసినవాడికీ తోచలేదు. బయట చిక్కుకున్న మనిషి దగ్గర కాగితం ఉండదు, ఫోను ఉండదు, జేబు కూడా ఉండకపోవచ్చు. బుర్ర ఒక్కటే ఉంటుంది. బుర్రలో ఉన్న నంబరే నంబరు. అది అట్టపెట్టె ముందు కూర్చుని కనిపెట్టాడు అతను. రెండు వేల మెట్లెక్కి కూడా కనిపెట్టలేకపోయాను నేను.

టైమెంతయిందమ్మా? నాలుగున్నర దాటిందా. ఎంత దాటింది? ఊరికే అడిగాను.

ఆ నంబరు నా దగ్గరికెలా వచ్చిందంటారా? మీరు అడక్కపోతే బాగుండనుకుంటున్నాను, అడిగారు. నెల కిందట అతను నిచ్చెన మీంచి జారాడు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కడ్డీ పట్టే చెయ్యి అది. మూడో రోజు మా మరదలు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. అతని ఫోనే, ఇదిగో, ఈ కుడి జేబులోది. "బావగారూ, ఆయన చెయ్యి బాగయ్యేదాకా మీరే ఎత్తండి. నమ్ముకుని ఫోన్ చేసేవాళ్లు గుమ్మాల ముందు నిలబడి ఉంటారు" అంది. నీకింత నాకింత అన్న మాటే లేదు. ఫోనూ, చార్జరూ ఇచ్చి, ఒక గ్లాసు మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఎడమ జేబులోది నాది. ఈ నెల రోజుల్లో ఎడమ జేబు రెండుసార్లు మోగింది. ఒకసారి మా ఆవిడ. రెండోసారి దర్జీ కోసం ఎవరో.

కుడి జేబు రోజుకి పదిహేనుసార్లు. మొదటి రోజు నిజాయితీగా చెప్పాను, "నేను ఆయన తోడల్లుణ్ణండీ" అని. అవతలాయన, "మరి ఆయన ఎప్పుడొస్తారు?" అన్నారు. మనిషి వర్షంలో గుమ్మం బయట తడుస్తున్నాడమ్మా. తడుస్తూ కూడా అతని కోసం ఆగుతానన్నాడు. ఆ రోజు నుంచి "ఆ" అనడం మొదలుపెట్టాను.

"ఆ" అనగానే ఏమవుతుందో తెలుసా? అవతలివాళ్లు ఊపిరి వదులుతారు. మీరూ వదిలారు. "హమ్మయ్య, ఎత్తారు బాబాయ్" అన్నారు. నా గొంతు విని ఇరవై రెండేళ్లలో ఎవరూ ఊపిరి వదల్లేదు. అదేం రుచో నాకు తెలియదు మొన్నటిదాకా. తెలిశాక వదలబుద్ధి కావడం లేదు.

ఇంకో పిన్ను. ఉండండి, జారింది. మళ్లీ మొదలు.

మెసేజ్ సోమవారం వచ్చింది. ఫోన్ల కంపెనీది. మాటలున్న నంబర్లకి ఏడాదికోసారి వస్తుందట. "ఈ నంబరు మీరే ఉంచుకోవాలంటే ఒకటి అని జవాబు పంపండి. శుక్రవారం సాయంత్రం ఐదు గంటల్లోగా జవాబు రానిచో వరసలో తర్వాత ఉన్నవారికి ఇవ్వబడును." అంతే. ఒకటి నొక్కాలి. నొప్పి లేదు, పరుగు లేదు.

ఇవాళ శుక్రవారమే కదా? అవునవును, నాకూ తెలుసు.

వరసలో తర్వాత ఉన్నది ఎవరో అడగరేం? నేనే. అతను స్కూటరు మీద పెయింటు వేయించిన మర్నాడే కంపెనీ ఆఫీసుకి వెళ్లి పేరు రాయించుకున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. కౌంటరులో ఉన్నమ్మాయి, "ఇలాంటివి ఎవరూ వదులుకోరండీ, ఎందుకు రాసుకుంటారు?" అంది. "ఉండనివ్వమ్మా, కాగితమేగా" అన్నాను. తొమ్మిదేళ్లయింది. ఆ కాగితం ఈ సంచిలోనే ఉంది, అడుగున.

నిన్న అతను ఫోన్ చేశాడు. నా ఫోనుకి కాదు, అతని ఫోనుకే, వాళ్లావిడ ఫోన్లోంచి. అతనికీ నా నంబరు నోటికి రాదేమో మరి. "అన్నయ్యా, కంపెనీవాళ్ల మెసేజేమైనా వచ్చిందా?" అన్నాడు. "రాలేదు" అన్నాను. నా నోరు అది నన్నడక్కుండానే అనేసింది. "వస్తే కాస్త చూసుకోండి" అన్నాడు. అంతే. రెండోసారి అడగలేదు. "సరిగ్గా చూశారా అన్నయ్యా" అనైనా అనలేదు. అని ఉంటే కోపం తెచ్చుకుని అప్పుడే నొక్కి పారేసేవాణ్ణి.

అలా చూడకండమ్మా. ఇంటిపని చేయని పిల్లాణ్ణి చూసినట్టు చూస్తున్నారు.

దొంగతనం కాదిది. నేను ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టలేదు. నా వేలు నా దగ్గర పెట్టుకుని ఊరుకున్నాను, అంతే కదా. ఐదయితే అదే వస్తుంది. న్యాయంగా, కాగితం ప్రకారం, నా పేరు మీద. అసలు మొదట నాకోసమే తెచ్చాడు కదా అతను? నా వస్తువు తొమ్మిదేళ్లు వాడుకున్నాడు, ఇప్పుడు తిరిగొస్తుంది.

మీరు గడియారం వైపు చూస్తున్నారు. టీచర్లు గడియారం చూస్తేనే భయం.

టైము? పావు తక్కువ ఐదు.

ఇంకో సంగతి చెబుతాను. ఇది మా ఆవిడకి కూడా తెలియదు. పోయిన వర్షాకాలం. మా ఆవిడ చెల్లెలింటికి వెళ్లింది, నేనొక్కణ్ణే. పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం గుమ్మం దాటాను, బనీను మీద. గాలికి తలుపు పడింది.

ఆ, నాకే. తాళాలవాడికే. సంచి లోపల, ఫోను లోపల. చేతిలో పాల ప్యాకెట్టు.

ఎదురింటాయన బయటికొచ్చాడు. పెద్దమనిషి, తన ఫోను ఇచ్చాడు. పట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ నంబరు? తెలియదు. ఫోనులో పేరు చూసి నొక్కడమే గానీ అంకెలెప్పుడు చూశాను? మరదలిది? తెలియదు. నా నంబరు తెలుసు, అది లోపల మోగుతుంది, ఏం లాభం. ఆయన చూస్తున్నాడు. పాల ప్యాకెట్టు చేతిలో చెమట పట్టింది. అప్పుడు నా వేలు దానంతటదే కదిలింది. తాళం.

పది నిమిషాల్లో వచ్చాడు. స్కూటరు ఆపి నన్ను చూశాడు, బనీనూ, పాలూ. ఎదురింటాయన ఊరుకోకుండా, "మీరూ తాళాలవారే కదండీ?" అన్నాడు నాతో. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా తోడల్లుడు సంచి దింపుతూ ఏమన్నాడో తెలుసా? "అన్నయ్య నాకు పరీక్ష పెడుతుంటారండీ అప్పుడప్పుడూ. ఈ రకం లాచ్ ఎంతసేపట్లో తీస్తానో చూద్దామని" అన్నాడు.

రెండు నిమిషాల పని అది. ఆరు నిమిషాలు తీసుకున్నాడు. మధ్యలో ఆగి, ఎదురింటాయన వినేలా, "ఇప్పుడెటు తిప్పమంటారన్నయ్యా?" అని అడిగాడు. నేను "కుడికి" అన్నాను. కుడికి తిప్పాడు. తలుపు తీసి, పాల ప్యాకెట్టు నా చేతిలోంచి తీసుకుని లోపల గిన్నెలో పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఇవాళ్టి వరకూ ఎవరి దగ్గరా అనలేదు. వాళ్లావిడతో కూడా. అని ఉంటే మా ఆవిడ దాకా ఆ రోజే వచ్చేది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు కదమ్మా. నాది ఇంకో రకం ఏడుపు. మా తోడల్లుడు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నాలుగిళ్లలో చెప్పుకుని ఉంటే ఇంకా బాగుండేది. ఈ ఒకటి నొక్కకుండా హాయిగా కూర్చునేవాణ్ణి. నంబరు బాగుంటే ఓర్చుకోవచ్చు. మనిషి కూడా బాగుంటే ఎక్కడ ఓర్చుకోనమ్మా?

మీ తలుపా? అయిపోవచ్చింది. అంటే...

లేదు లెండి. తీసి చాలాసేపయింది. మీరు గడియారంలో నాలుగుంపావు అని చెప్పి మెట్టు మీద కూర్చుంటున్నారే, అప్పుడే తెరుచుకుంది. పిన్నులు అంత మొండివేం కావు. కాలు అడ్డం పెట్టి పట్టుకుని ఉన్నాను, చూడండి. ఆ టిక్‌లన్నీ నా గోరు. ఒక్కణ్ణే ఉంటే ఐదు కొట్టేదాకా ఆగగలనో లేదో అని భయమేసింది. పనిలో ఉంటే వేలు ఖాళీగా ఉండదు కదా అనుకున్నాను. ముసలావిణ్ణి అరగంట పైగా మెట్ల మీద కూర్చోబెట్టాను. క్షమించండి.

లోపలికి వెళ్లండి. ముందు కళ్లజోడు పెట్టుకోండి. అదిగో మీ ఫ్రిజ్. అదిగో నా బిళ్ల.

ఎంతయింది? ఐదుకి మూడు నిమిషాలు. మీ గడియారం కాస్త ముందుందేమో? లేదంటారా. మీది ముందుండదు లెండి.

ఇందాకట్నుంచీ ఒకటే ఆలోచిస్తున్నానమ్మా. ఐదయింది, నంబరు నాదయింది అనుకోండి. ఈ ఫోను నాదే అయింది. ఎప్పుడో ఒక పొద్దున మళ్లీ గాలి వీస్తుంది, మళ్లీ నా తలుపు పడుతుంది. ఎదురింటాయన ఫోను ఇస్తాడు. నా వేలికి తెలిసింది ఆ ఒక్క మాటే. నొక్కుతాను. అప్పుడు అది ఎక్కడ మోగుతుంది? లోపల, మేకుకి తగిలించిన నా చొక్కా జేబులో. నేను బయట నిలబడి వింటూ ఉంటాను.

మంచితనం కాదమ్మా, అలా తలాడించకండి. నా అవసరం నేను చూసుకుంటున్నాను. మణికట్టు బాగయ్యాక మళ్లీ రావాల్సినవాడు అతనే కదా.

ఇదిగో. ఒకటి. పంపించాను. చూశారా, నొక్కాను. మీరే సాక్షి.

ఉండండి, జవాబొచ్చింది. ధన్యవాదాలట. కింద పేరుంది. అతని పేరు. తొమ్మిదేళ్ల కోరిక వదులుకుంది నేను, ధన్యవాదాలు మాత్రం ఆయనగారికి.

బిళ్ల తీసేయనా అంటారా? ఎందుకమ్మా, ఉండనివ్వండి. కింద కరెంటు బిల్లు పట్టుకుని ఉంది కదా. ఆ పని అయినా చేస్తోంది.

వస్తాను. చెత్తబుట్ట పట్టుకుని బయటికొచ్చేటప్పుడు తాళంచెవి కొంగుకి ముడేసుకోండి. మరిచిపోయారనుకోండి, నంబరు మీకు తెలుసు.